లాల్ బోనులో పడ్డ బాలింత

బందరు లాల్ ఒకసారి పెద్దపులిని ఆటోలో ఎక్కించుకుని, పక్కన భార్యను కూర్చోబెట్టుకుని, గుడివాడ అవతలి నుంచి నాగాయలంక దాకా వెళ్ళాడు. అక్కడికి వెళ్ళాక పులి మనసు మార్చుకుంటే మళ్ళీ అంత దూరమూ వెనక్కి తీసుకొచ్చి, ఎక్కించుకున్న చోటే మర్యాదగా దింపాడు.

అబద్ధానికి వందసార్లు ఇంపోజిషన్ రాయించే కాన్వెంటు సిస్టర్లు ఇప్పుడు దగ్గర్లో లేరు గానీ, పాత భయం కొద్దీ చెయ్యి కాస్త వెనకాడుతోంది. కాబట్టి పెద్దపులి అన్న మాట వెనక్కి తీసుకోవచ్చు. అది బావురుపిల్లి. ఊరపిల్లికి రెండింతలుంటుంది, ఒళ్ళంతా నల్లమచ్చలు వరసలు కట్టి ఉంటాయి, నీళ్ళలో దూకి చేపను పట్టుకొస్తుంది. మనసు మార్చుకున్నది కూడా అది కాదు, లాల్. తక్కినదంతా, అంటే ఆటో, భార్య, నాగాయలంక, తిరుగు ప్రయాణం, ఉన్నది ఉన్నట్టే.

లాల్‌కు అరవై దగ్గర పడ్డాయి. బందరులో అతని రేకుల కొట్టు తెలియనివాళ్ళు తక్కువ. తండ్రి చాంద్ సాయిబు ఎలుకబోనులు చేసేవాడు. లాల్ చేతికి వెల్డింగు మిషను వచ్చాక కుక్కలకూ కోతులకూ కూడా బోనులు చేయడం మొదలుపెట్టాడు. మంగినపూడిలో ఒక కోతి అతను చేసిన బోను గడియ లోపలినుంచే తీసుకుని, బయటికొచ్చి, పోతూ పోతూ గడియ మళ్ళీ వేసి పోయిందని చెప్పుకుంటారు. ఆ అవమానం లాల్‌కు చాలాకాలం నిద్రపట్టనివ్వలేదు. అప్పుడు పుట్టింది అతని రెండు కొక్కేల బోను. జంతువు లోపలికి వెళ్ళి ఎరను ముట్టుకోగానే తలుపు పైనుంచి జారి పడుతుంది. పడగానే చెరో పక్కా ఒక కొక్కెం దానంతటదే దిగి బిగుసుకుంటుంది. తీయాలంటే ఇద్దరు మనుషులు చెరో కొక్కెమూ ఒకేసారి లాగి పట్టుకోవాలి, మూడో మనిషి తలుపు ఎత్తాలి.

"లోపలినుంచి సంగతి వదిలెయ్యండి. బయటినుంచి కూడా ఒక్కడి వల్ల కాదు," అని లాల్ గర్వంగా చెప్పేవాడు.

ఆ ఇంట్లో ఇంకో అలవాటు ఉంది. చాంద్ సాయిబు చేసిన ప్రతి ఎలుకబోనులోనూ మూలకు చిన్న నీళ్ళగిన్నె అతికించి ఉండేది. ఎలుకకు నీళ్ళెందుకని కొన్నవాళ్ళు నవ్వేవారు. "పట్టడం వరకే మన పని. మన బోనులో చావు ఉండకూడదు. ఉంటే అది మన చేతిదే," అనేవాడు ఆయన. లాల్ తన పెద్దబోనులకూ స్టీలు గిన్నెను మూలకు వెల్డింగు చేస్తాడు. ముప్ఫై ఐదేళ్ళలో అతని బోనులో ఏదీ చావలేదు. అతనికి ఉన్న గొప్ప ఆ ఒక్కటే.

ముదినేపల్లి దగ్గర పదెకరాల చేపల చెరువున్న వీరాంజనేయులు బోను కావాలని వచ్చినప్పుడు, ఏదో గండుపిల్లి చేపలు ఎత్తుకుపోతోందని మాత్రమే చెప్పాడు. లాల్ బోను తీసుకెళ్ళి, గట్టు మీద జమ్ము పొదల పక్కన పెట్టి, బొచ్చె చేప ముక్క కట్టి వచ్చాడు. మర్నాడు తెల్లవారగానే ఫోను. పడిందన్నాడు వీరాంజనేయులు.

లాల్ ట్రాలీ ఆటో తీశాడు. ఖైరున్ బీ వచ్చి పక్కన ఇరుక్కుని కూర్చుంది. అతని కంటి ఆపరేషను అయిన దగ్గర్నుంచి అదే పద్ధతి. హ్యాండిలు ఆయన తిప్పుతాడు, రోడ్డు ఆమె చూస్తుంది.

చెరువు దగ్గరికి వెళ్ళగానే లాల్ బోను ముందు వంగి చూశాడు. బోనులో ఉన్నది గండుపిల్లి కాదు. చిన్న గుండ్రటి చెవులు, పొట్టి తోక, పచ్చటి కళ్ళు. ఊచలకు మొహం ఆనించి గుర్రుమంటోంది. ముక్కు చీరుకుని నెత్తురు కారుతోంది.

"ఇది బావురుపిల్లండీ. దీన్ని పడితే జైలు," అన్నాడు లాల్.

"పట్టింది నేనా? బోను నీది సాయిబూ. కింద నీ పేరు కూడా కొట్టుకున్నావుగా," అన్నాడు వీరాంజనేయులు తాపీగా. అతని చేతిలో గునపం ఉంది. "నీకు చేతకాకపోతే చెప్పు. ఒక్క పోటు. ఇక్కడే పాతేస్తా."

లాల్ గునపం వంక చూశాడు. బోను అడుగుపట్టీ మీద వెల్డింగుతో తను రాసుకున్న తన పేరు వంక చూశాడు.

"నేను తీసుకుపోతానండీ. దివిసీమలో మడ అడవి ఉంది. అక్కడ వదిలేస్తా."

"మళ్ళీ నా గట్టు మీద కనపడిందా, ఈసారి నిన్ను పిలవను."

పనివాళ్ళు నలుగురు పట్టి బోనును ట్రాలీ మీదికి ఎక్కించారు. ఖైరున్ బీ గోనెసంచులు తడిపి పైన కప్పింది. నీళ్ళగిన్నె నిండా నీళ్ళు పోసింది.

బందరు మీదుగా వెళ్తే ప్రతి టీకొట్టు దగ్గరా ఎవరో ఒకరు ఆపుతారని, లాల్ గుడివాడ నుంచి పామర్రు వైపు తిరిగాడు. కూచిపూడి, ఘంటసాల, చల్లపల్లి. ఎండ ముదిరింది. ఎక్కడ ఆటో నెమ్మదించినా వెనకనుంచి గుర్రు వినపడుతుంది, ఊచల మీద గోళ్ళు గీరిన చప్పుడు వినపడుతుంది. అందుకని లాల్ నెమ్మదించలేదు.

"గుంత," అంటోంది ఖైరున్ బీ. "ఎడమకి. గేదె. గేదెండీ. కనిపించిందా?"

"కనిపించింది."

"ఏ రంగు?"

"గేదె ఏ రంగుంటుందే? నల్లగా."

"అది తెల్ల ఆవు. మెల్లిగా పోండి."

పులిగడ్డ వారధి దగ్గర వాహనాలు ఆపి చూస్తున్నారు. ఒక కానిస్టేబులు చేయి అడ్డం పెట్టాడు. లాల్ బ్రేకు తొక్కాడు.

"వెనకాల ఏంటి?"

లాల్ నోరు తెరిచేలోపు గోనెల కింద నుంచి లోతుగా, పొడుగ్గా గుర్రు వచ్చింది. కానిస్టేబులు కర్రతో గోనె అంచు ఎత్తబోయాడు.

"కుక్క బాబూ," అంది ఖైరున్ బీ కొంగు సర్దుకుంటూ. "మా బావగారిది. పిచ్చెక్కిందేమోనని అనుమానం. పశువుల డాక్టరుకి చూపిద్దామని."

కర్ర ఆగింది. "ఎవరినన్నా కరిచిందా?"

"ఇప్పటిదాకా లేదు. మీరు చూస్తారా? గోనె తియ్యమంటారా?"

కానిస్టేబులు రెండడుగులు వెనక్కి వేశాడు. "పోండి, పోండి. ఇక్కడ ఆపకండి."

అవనిగడ్డ దాటారు. తర్వాత లాల్ మెల్లగా, "మా అన్నకి కుక్కెప్పుడుందే?" అన్నాడు.

"మీకు అన్నే లేడు. రోడ్డు చూడండి. కాదు, నేను చూస్తాను, మీరు నడపండి."

లాల్ ముందే ఫోను చేసి చెప్పడంతో నాగాయలంక రేవులో నాంచారయ్య ఎదురుచూస్తున్నాడు. అతను మడ పాయల్లో వల వేసుకునే మనిషి. లాల్ అతని పడవకు లంగరు చేసిచ్చిన నాటి నుంచి ఇద్దరికీ బావా అంటే బావా అనే వరస.

"తొందరపడి లాభంలేదు బావా," అన్నాడు నాంచారయ్య. "ఇప్పుడు పాటు. పాయలో బురదే తప్ప నీళ్ళు లేవు. పోటు వచ్చేదాకా పడవ లోపలికి పోదు. గంటన్నా ఆగాలి."

ఆ గంట ఆగాల్సి రాకపోతే కథ మరోలా ముగిసేది. ఆటోను నీడకు నెట్టి, గాలి ఆడుతుందని ఒక పక్క గోనె పైకి మడిచారు. పిల్లి ఇప్పుడు గుర్రుమనడం లేదు. ముందుకాలు నీళ్ళగిన్నెలో పెట్టి, చేపకోసం వెతుకుతున్నట్టు అడుగంతా తడుముతోంది. గిన్నెలో ఏమీ లేదు. అయినా తడుముతూనే ఉంది. కాసేపటికి అలసిపోయి పక్కకు ఒరిగింది.

నాంచారయ్య వంగి చూశాడు. ఇంకా వంగాడు. లేచి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"బావా, దీన్ని ఎక్కడ పట్టారు?"

"చెప్పాగా. ముదినేపల్లి చెరువు గట్టు మీద."

"పిల్లలేవీ?"

లాల్‌కు అర్థం కాలేదు. ఖైరున్ బీకి అర్థమైంది. ఆమె వచ్చి పక్కన వంగింది. పిల్లి పొట్ట కింద రొమ్ములు బిగిసి ఉన్నాయి. ఒకదాని చివర పాలబొట్టు ఉంది. అది కారి రేకు మీద పడింది. అప్పటికే అక్కడ చిన్న మడుగు కట్టి ఉంది.

"బాలింత," అంది ఆమె.

"పిల్లలు జమ్ములో ఉండుంటాయి," అన్నాడు నాంచారయ్య. "కళ్ళు తెరిచాయో లేదో. ఈ ఎండకి పాలు లేకపోతే రేపటికి ఉండవు. ఈలోపు ఏ నక్కన్నా వాసన పట్టిందంటే రేపటిదాకా కూడా అక్కర్లేదు."

లాల్ ఆటో మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "మడలో వదిలేస్తే ఇదన్నా బతుకుతుందిగా?" అన్నాడు. ఆ మాట అతనికే బాగాలేదు.

"మడలో ఖాళీ చోటు ఉందనుకున్నావా? నీటికుక్కలకి ఒక పాయ, నక్కలకి ఒక దిబ్బ, బావురుపిల్లులకి ఎవరి హద్దు వాళ్ళది. కొత్తది దిగితే ఉన్నవి ఊరుకోవు. తీసుకుపొమ్మంటే తీసుకుపోతా. పోటు వస్తోంది. నువ్వు చెప్పు."

నది నీరు నిజంగానే మెల్లగా పెరుగుతోంది. రేవులో పడవలు ఒక్కొక్కటే కదులుతున్నాయి. లాల్ వాటి వంక చూస్తూ ఉండిపోయాడు. వెనక్కి వెళ్తే వీరాంజనేయులు, గునపం. దారిలో పోలీసులు. బోను కింద తన పేరు.

"మామగారి మాట బోను లోపల వాటికేనా?" అంది ఖైరున్ బీ. పెద్దగా కూడా అనలేదు.

లాల్ గోనె కిందికి లాగి ఆటో స్టార్టు చేశాడు. నాంచారయ్యతో, "ఎక్కు బావా," అన్నాడు.

"నేనెందుకు?"

"బోను తీయడానికి ముగ్గురు కావాలి."

"ముగ్గురా? అంత బోను ఎవడు చెయ్యమన్నాడు నిన్ను?"

"ఒక కోతి," అన్నాడు లాల్.

పులిగడ్డ దగ్గర అదే కానిస్టేబులు. ఆటోను గుర్తుపట్టి దూరం నుంచే, "డాక్టరు ఏమన్నాడమ్మా?" అని అడిగాడు.

"పిచ్చి కాదట బాబూ. బాలింతట," అంది ఖైరున్ బీ. ఆటో ఆగలేదు.

ఘంటసాల దాటాక వెనకనుంచి చప్పుడు రావడం మానేసింది. పొద్దుటినుంచి ఆ గుర్రు వినలేక చచ్చిన లాల్‌కు ఇప్పుడు అది వినపడకపోవడమే భయమైంది. ట్రాలీలో బోను పక్కన కూర్చున్న నాంచారయ్యను పది నిమిషాలకోసారి కేకేసి అడిగాడు.

"బావా, ఉందా?"

"ఉంది. నడుపు."

పామర్రులో మళ్ళీ అడిగాడు. "ఊపిరి తీస్తోందా?"

"తీస్తోంది. నువ్వు తీస్తున్నావా?"

గుడివాడలో ఆపి గోనెల మీద రెండు బిందెల నీళ్ళు పోశారు. రోడ్డు పని జరుగుతున్న చోట కంకర మీద ఆటో ఎగిరెగిరి పడింది. బోను ట్రాలీ అంచుకు రెండుసార్లు గట్టిగా కొట్టుకుంది. లాల్ అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

చెరువు చేరేసరికి మూడు దాటింది. పనివాళ్ళు మేతసంచులు కట్టి వెళ్ళిపోయారు. వీరాంజనేయులు మాత్రం అవతలి గట్టు మీద షెడ్డులో మంచం వేసుకుని పడుకుని ఉన్నాడు. అతని మోటారుసైకిలు పక్కనే ఉంది. లాల్ ఇంజను ఆపేశాడు. ముగ్గురూ కలిసి ఆటోను వెనక్కి నెట్టుకుంటూ పంటబోదె గట్టు మీదుగా జమ్ము పొదల దాకా తెచ్చారు. ట్రాలీ వెనక రేకు దించితే బోను తలుపు సరిగ్గా జమ్ము వైపు తిరిగింది. బోను దించే పని లేదు. తలుపు ఎత్తితే చాలు.

పిల్లి లేచి నిలబడింది. చెవులు వెనక్కి అణిచి, నేల వాసన చూస్తోంది.

కుడి కొక్కెం నాంచారయ్య లాగాడు. వచ్చింది. ఎడమ కొక్కెం లాల్ లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. కంకర రోడ్డు మీద తగిలిన దెబ్బకు పట్టీ వంగి కొక్కేన్ని పట్టేసింది.

"సుత్తి," అన్నాడు లాల్.

"చప్పుడవుతుంది," అంది ఖైరున్ బీ.

"తెలుసు."

మూడు దెబ్బలు కొట్టాడు. చెరువు మీద ఆ చప్పుడు పిట్టల్ని లేపింది. షెడ్డులో వీరాంజనేయులు లేచి కూర్చుని, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటు చూశాడు. మోటారుసైకిలు స్టార్టయింది.

పదెకరాల చెరువు. గట్టు నేరుగా లేదు, చుట్టూ తిరిగి ఇటు రావాలంటే నాలుగు మూలలు దాటాలి. మూలలు తిరిగే చోట నెమ్మదించాలి. అంతే వ్యవధి.

"మొదటి మూల తిరిగాడు," అంది ఖైరున్ బీ. రోడ్డు చూసే అలవాటు ఆమెది.

లాల్ బోను మీదికెక్కి బోర్లా పడుకున్నాడు. బయటినుంచి రాని కొక్కేన్ని లోపలినుంచి నెట్టాలి. ముప్ఫై ఐదేళ్ళుగా ఏ జంతువు చేతికీ అందకూడదని తను కొలతలు వేసి పెట్టిన చోటు అది. మనిషి చెయ్యి పైనుంచి మోచేయి దాకా దించితే అందుతుంది. ఊచల సందులోంచి చెయ్యి దించాడు. పిల్లి మొహం అతని మణికట్టుకు జానెడు దూరంలో ఉంది. దాని ఊపిరి వేడిగా తగులుతోంది.

"బావా, వద్దు," అన్నాడు నాంచారయ్య కుడి కొక్కేన్ని వదలకుండా.

"నువ్వు అది వదిలావంటే ఇద్దరం మాట్లాడుకోం."

"రెండో మూల," అంది ఖైరున్ బీ. ఆమె తలుపు పట్టుకుని సిద్ధంగా ఉంది.

వేలికి కొక్కెం తగిలింది. నెట్టాడు. కదిలింది గానీ ఊడలేదు. అరచేయి ఆనించి నెట్టాడు. అప్పుడు పిల్లి కొట్టింది. ఒక్కటే దెబ్బ, మోచేయి నుంచి మణికట్టు దాకా. లాల్ అరవలేదు. ఆ మంటలోనే చెయ్యి ఇంకా లోపలికి తోశాడు. కొక్కెం టక్కుమని జారింది.

"ఎత్తు."

ఖైరున్ బీ ఎత్తింది. తలుపు నడుం దాకా లేచి ఆగింది.

పిల్లి బయటికి రాలేదు.

మూలకు ఒదిగి, నీళ్ళగిన్నెను ఆనుకుని కూర్చుంది. రాత్రి ఈ తలుపే దాని వెనకనుంచి పడింది. మళ్ళీ దాని కిందికి రమ్మంటే ఎలా వస్తుంది?

"మూడో మూల," అంది ఖైరున్ బీ. "ఏమండీ, నా వల్ల కావట్లేదు."

"పట్టుకో ఖైరూ."

"పట్టుకున్నా."

లాల్ పై నుంచి కదల్లేదు. నెత్తురు ఊచల మీదుగా కారి గిన్నెలో చుక్కచుక్కగా పడుతోంది. మోటారుసైకిలు చప్పుడు పెద్దదవుతోంది. జమ్ము కదల్లేదు, ఆకు కదల్లేదు. వచ్చింది చాలా ఆలస్యంగానేమో అనుకున్నాడు లాల్. లోపల పిలిచేవి ఇక లేవేమో.

అప్పుడు జమ్ములోంచి వినపడింది. కూత అనడానికి కూడా లేదు. తడి వేలితో గాజుగ్లాసు అంచు రుద్దినంత సన్నగా. ఒకటి. తర్వాత ఇంకొకటి, వేరే గొంతు.

పిల్లి లేచింది. తలుపు వంక చూడలేదు, ఖైరున్ బీ వంక చూడలేదు. ట్రాలీ మీదినుంచి జారి, గట్టు దాటి, జమ్ములోకి వెళ్ళిపోయింది. రెండు జమ్ము కాడలు కాస్త ఊగి నిలబడ్డాయి.

ఖైరున్ బీ తలుపు వదిలింది. అది ధడాలున పడింది. రెండు కొక్కేలూ బుద్ధిగా వాటంతటవే దిగి బిగుసుకున్నాయి.

నాలుగో మూల తిరిగి వీరాంజనేయులు వచ్చి ఆగాడు. "ఏంటి సాయిబూ, మళ్ళీ వచ్చావు? పిల్లేదీ?"

"వదిలేశామండీ."

"ఎక్కడ?"

"అడవిలోనండీ," అన్నాడు నాంచారయ్య.

వీరాంజనేయులు ఖాళీ బోనులోకి తొంగిచూశాడు. "మరి ఇది ఇక్కడికెందుకు తెచ్చావు?"

"మళ్ళీ ఇక్కడే పెట్టి పోదామని తెచ్చానండీ. తీరా చూస్తే కొక్కెం వంకరపోయింది. పనికిరాదు. తీసుకుపోతున్నా."

"ఆ చేతికేమైంది?"

"రేకు గీరుకుందండీ," అన్నాడు లాల్.

ఆ గీతలు నాలుగూ సమానంగా ఉన్నాయి. రేకు అలా వరసగా నాలుగుసార్లు గీరుకోదు. వీరాంజనేయులు చేతి వంక చూశాడు, జమ్ము వంక చూశాడు, బండి తిప్పుకున్నాడు. రెండు నెలల తర్వాత అతనే ఫోను చేశాడు. గట్టు మీద ఇంకో బావురుపిల్లి కనపడుతోందనీ, ఈసారి వెనకాల రెండు పిల్లలు కూడా నడుస్తున్నాయనీ, బోను కావాలనీ. బోనులు మానేశానని లాల్ చెప్పాడు.

మానేశాడన్నది నిజమే. ఇప్పుడు బందరులో అతని కొట్టు ముందు కోళ్ళగంపలు, కూలరు స్టాండ్లు, బాల్కనీ గ్రిల్లులు వరసగా ఉంటాయి. కోళ్ళగంపలకు ఒకే గడియ ఉంటుంది. చిన్నపిల్ల కూడా తీయగలదు. మూలకు నీళ్ళగిన్నె మాత్రం ఇంకా అతుకుతూనే ఉన్నాడు.

ఈ సంగతంతా ఎదురుగా కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివి వినిపిస్తే, లాల్ గ్రైండరు ఆపి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఓపిగ్గా విన్నాడు. విన్నాక చొక్కా చెయ్యి మణికట్టు దాకా దించుకుని గుండీ పెట్టుకున్నాడు.

"ముదినేపల్లి ఎటుంటుందో కూడా నాకు తెలియదండీ," అన్నాడు. "నాకు బావలెవరూ లేరు. మా ఆవిడ ఆటో ఎక్కదు, ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. బావురుపిల్లిని నేను పుట్టిన దగ్గర్నుంచి చూడలేదు. ఇందులో ఒక్క ముక్క కూడా జరగలేదు."